మోచేతిని అడగమన్న మనిషి

తెల్లవారుతుండగా గోడ అవతల నుంచి సిస్టరమ్మ కొడుకు పిలిచాడు. "పెద్దమ్మా, అమ్మ పోయింది" అన్నాడు. వాడి గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. నేను పెరట్లో గిన్నెలు కడుగుతున్నాను. చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళి ఆమె పాదాలు పట్టుకున్నాను. చల్లగా అనిపించలేదు. ఒక్క క్షణం ఆశ పుట్టింది. వీడికి తెలియక అన్నాడేమో అనుకున్నాను. తర్వాత నా చేతులకేసి చూసుకున్నాను. అప్పటిదాకా చలికాలపు టాంకీ నీళ్ళలో నానిన చేతులవి. ఆమె పాదాల కంటే అవే చల్లగా ఉన్నాయి, అంతే. చెయ్యి చెప్పిన మాటను ఇలా ఆగి అనుమానించడం నాకు నేర్పింది కూడా ఆ పాదాల మనిషే.

తెలుగువాళ్ళ సంఘం పుస్తకంలో వేస్తాం, నాలుగు మంచి మాటలు చెప్పు మామ్మా అని వచ్చి అడిగారు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా యాసను పుస్తకం భాషలోకి మారుస్తోంది, మార్చుకోనీ. సిస్టరమ్మా నేనూ మాట్లాడుకున్న చోట మాత్రం వేలు పెట్టొద్దన్నాను. ఇక మంచి మాటల సంగతి. అవి ఉన్నాయి. వాటితోపాటు ఒక తగువు కూడా ఉంది. ఆమె పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో లేచిన ప్రతి ఒక్కరూ ఒకే మాట అన్నారు. చివరి ఏడాదిన్నర ఆమెకు ఏమీ తెలియలేదు, అందుకే బాధ లేకుండా వెళ్ళిపోయింది అని. ఓదార్చడానికే అన్నారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ ఆ మాటను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో అందరూ వినాలి.

ఆమె నర్సు. గుంటూరు వైపు క్రైస్తవుల ఇంటి పిల్ల. భర్తకు రైల్వేలో ఉద్యోగం. ఈ ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమైన కొత్తల్లో రాయపూర్‌లో మా పక్కింట్లో దిగారు. వీధిలో అందరూ సిస్టర్ అనేవారు, నేను ఒక అమ్మ తగిలించి సిస్టరమ్మ అన్నాను. ఆమె నన్ను అక్కా అనేది. మాది శ్రీకాకుళం వైపు. మా ఆయన బతుకుదెరువుకి రాయపూర్ దగ్గరి తిల్దా వచ్చి రైసు మిల్లులో కుదిరాడు. నేనూ అక్కడే ఉడకబెట్టిన ధాన్యాన్ని ఎండలో ఆరబోసి, తిరగేసి, ఎత్తేదాన్ని. పొగలు కక్కే ధాన్యం అది. నా అరచేతులు అక్కడ గట్టిపడ్డాయి. పొయ్యి మీద గిన్నె దించడానికి ఇప్పటికీ నాకు మసిగుడ్డ అక్కర్లేదు.

రాయపూర్ వచ్చాక మా వీధిలో ఏ తెలుగువాళ్ళింట బిడ్డ పుట్టినా నీళ్ళు పొయ్యడానికి నన్నే పిలిచేవారు. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె మర్దించి, నలుగు పెట్టి, వేడివేడిగా నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేస్తే ఆ బిడ్డ మూడు పూటల నిద్ర ఒక్కసారే పోతుంది. ఈ పనిలో నా మాటకు తిరుగులేదు. నా కూతురి తొలికాన్పు పిల్లకు నీళ్ళు పోస్తుంటే సిస్టరమ్మ చూడ్డానికి వచ్చింది. పరిచయమై నెల కూడా కాలేదు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"అక్కా, ఆ నీళ్ళు వేడి" అంది.

"వేడి కాదు, నులివెచ్చన. సెయ్యెట్టి సూసినాను."

"నీ చెయ్యి చెయ్యి కాదక్కా, బండరాయి. మోచేతిని అడుగు."

"మోసెయ్యి ఏటి సెప్తాది?"

ఆమె వంగి, నా జబ్బ పట్టుకుని, మోచేతిని బకెట్లో ముంచింది. నేను చటుక్కున లాక్కున్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"నీళ్ళు అయ్యే కదా. చెయ్యి ఒకటి చెప్పింది, మోచెయ్యి ఇంకోటి చెప్పింది. ఏది నిజం?" అంది సిస్టరమ్మ.

"నా సెయ్యే నిజం. అది రోజూ కష్టం సేస్తాది. మోసెయ్యి సోమరిది, సుకం మరిగింది."

"రెండూ కాదు. ఈ పిల్ల ఒళ్ళు నిజం."

"పిల్ల ఒంటికి ఎలాగుందో నీకు తెల్సేటి?"

"తెలీదు" అంది ఆమె, ఏమాత్రం తడుముకోకుండా. "అందుకే చల్లార్చు."

తనకు తెలుసని అంటుందనుకున్నాను. అన్నట్టయితే చదువుకున్నదాని పొగరు అనుకుని పొమ్మనేదాన్ని. తెలియదని అంటూ నా మీద గెలిచిన మనిషిని అప్పుడే చూశాను. చెంబుడు చన్నీళ్ళు కలిపాను. పిల్ల ఏడుపు ఆపిందా అంటే ఆపలేదు. ఆ పిల్లే ఇప్పుడు ఇది రాస్తూ నవ్వుతోంది.

అక్కడ మొదలైన తగువు ఇరవై ఏళ్ళు పైన నడిచింది. ఆమె డ్యూటీ దిగి, చీర మార్చుకుని, స్టీలు గ్లాసులో టీ పట్టుకుని తన గుమ్మం మెట్టు మీద కూర్చునేది. నేను నా మెట్టు మీద. మధ్యలో నడుమెత్తు గోడ. నా వాదన ఎప్పుడూ ఒకటే. మనిషికి కళ్ళున్నాయి, చెవులున్నాయి, చెయ్యి ఉంది. వీటికి తెలిసిందే ఉన్నట్టు, తెలియనిది లేనట్టు. వీటితో కొలవక ఇంక దేనితో కొలుస్తాం? అరువు తెచ్చుకుంటామా?

"కొలవొద్దనట్లేదక్కా. కొలిచేది నువ్వేనని మర్చిపోమాక" అనేది.

మా వీధిలో ఒక గోధుమరంగు కుక్క ఉండేది, ఒక చెవి చిరిగినది. మేము మాట్లాడుకుంటుండగా అది నిద్రలోంచి తల ఎత్తి వీధి చివరి రైలు పట్టాల వైపు చూసేది. "బండి వస్తా ఉంది" అనేది సిస్టరమ్మ.

"నేదు, నాకు ఇనబడనేదు."

"దానికి వినపడింది."

"కుక్క మాట ఇని నాను బతకాలా?"

ఇంకాసేపటికి దూరంగా చప్పుడు మొదలై, గోడ మీద గ్లాసులు సన్నగా వణికి, బండి వెళ్ళిపోయేది. ఆమె టీ తాగుతూ పక్కచూపు చూసేది. ఆ చూపుకి నాకు వచ్చినంత కోపం మా ఆయన తిట్లకు కూడా రాలేదు. ఒకరోజు నేనే కుక్క కంటే ముందు "బండొస్తంది" అన్నాను. ఎంత చూసినా రాలేదు. సిస్టరమ్మ నవ్వి నవ్వి టీ చీర మీద ఒలకబోసుకుంది.

ఆమె తన పనిముట్లను కూడా నెత్తిన పెట్టుకునేది కాదు. వీధిలో ఏ పిల్లకు జ్వరమొచ్చినా థర్మామీటరును దులిపి, చూసి, మళ్ళీ దులిపి పెట్టేది. అందులో చూశాక కూడా నుదుటి మీద చెయ్యి వేసేది, ఆ తర్వాత "ఎట్టా ఉందమ్మా నీకు?" అని అడిగేది. గాజుగొట్టంలో చూసినాక ఇంకా అడగడమేంటి అని నేను ఎకసెక్కం చేస్తే, "గొట్టానికి జ్వరమే తెలుసు, ఆ పిల్లకి ఎట్టా ఉందో తెలీదు" అనేది. అన్నీ అడిగి, అన్నీ విని, అయినా ఇంకా ఏదో మిగిలి ఉంటుందన్నట్టు కాసేపు మంచం దగ్గరే నిలబడేది. ఆ నిలబడటం నాకు ఇప్పటికీ కళ్ళలో ఉంది. చేతులు రెండూ ముందు కట్టుకుని, తల ఒక పక్కకు వంచి.

మా ఆయనకు గుండెజబ్బు వచ్చినప్పుడు ఆమె రోజూ పొద్దున్నే వచ్చి నాడి చూసేది. నాకూ నేర్పమన్నాను. మా ఆయన మణికట్టు పట్టుకుని, "ఇదిగో దొరికింది, గట్టిగానే కొట్టుకుంతంది" అన్నాను సంబరంగా.

"బొటనేలు తియ్యక్కా. బొటనేలితో చూడమాక. దానికి సొంత నాడి ఉంటది. నీది నువ్వే విని ఆయనదనుకుంటావు. ఈ మూడు వేళ్ళూ పెట్టు."

మూడు వేళ్ళు పెట్టి వెతికితే ఎక్కడో లోపల, సన్నగా, తడబడుతూ దొరికింది. నాకు అది నచ్చలేదు. నా బొటనవేలి కింద మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు మరి.

ఆయన పోయిన మధ్యాహ్నం నేను ఆయన చెయ్యి వదల్లేదు. "కొట్టుకుంతంది, సూడు సిస్టరమ్మా, నువ్వే సూడు" అంటూనే ఉన్నాను. ఆమె నా పక్కన నేల మీద కూర్చుని, నా బొటనవేలిని మెల్లగా పైకి తీసి, నా మూడు వేళ్ళను అక్కడ పెట్టి, వాటి మీద తన చెయ్యి వేసి ఉంచింది. పోయాడని అనలేదు. నా వేళ్ళకే తెలిసేదాకా అలాగే కూర్చుంది. నాకు దుఃఖంలో తోడున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అంత ఓపికగా నిజం దగ్గరికి నడిపించుకెళ్ళినది ఆమె ఒక్కతే.

ఆమె భర్త కరోనా రోజుల్లో వెళ్ళిపోయాడు. ఆమె రిటైరయింది. కొడుక్కి ఊరి చివర టాటీబంధ్‌లో లారీల కంపెనీ ఆఫీసులో పని, పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వస్తాడు. మొన్న కాక అటు మొన్నటి వానాకాలంలో ఒకరోజు ఆమె వంటింట్లో పడిపోయింది. శంకర్ నగర్‌లో ఒక ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. కళ్ళు తెరిచేది, చూపు నిలిపేది కాదు. పిలిస్తే పలకదు, గిచ్చితే ముఖం కదలదు. డాక్టరు మర్యాదస్తుడు. నేను ముసలిదాన్నని కసురుకోకుండా హిందీలో నిదానంగా చెప్పాడు. మా పరీక్షలకు ఏమీ అందడం లేదమ్మా అన్నాడు. అందడం లేదంటే లేదనా అని అడిగాను. అందడం లేదు అని మాత్రమే అన్నాను అన్నాడు. ఆ మాట నేను కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మిగతావాళ్ళు దాన్ని ఆసుపత్రిలోనే వదిలేసి వచ్చారు.

ఇంటికి తెచ్చాక కొడుకు ఒక ఆయాను పెట్టాడు. ఛత్తీస్‌గఢీ మనిషి, కష్టజీవి, నన్ను దాయి అని, అంటే అమ్మా అని, పిలుస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు మొదట్లో సిస్టరమ్మతో మాట్లాడేవారు. తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలైంది, ఆమె మంచానికి ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చుని. ఒకరోజు బంధువులు ఇద్దరు సమాధి ఇక్కడా, గుంటూరులోనా అని ఆమె తలదగ్గరే తేల్చుకుంటున్నారు.

"బయటికెళ్ళి మాటాడండి" అన్నాను.

"ఆమెకి తెలీదు కదండీ" అంది ఆ వచ్చినామె.

"నీకు తెల్సేటి ఆవిడికి తెల్దని? లెగండి ముందు."

లేచారు. నన్ను చూసి లేవనివాళ్ళు మా వీధిలో లేరు.

ఇక మే నెల సంగతి. రాయపూర్ ఎండలు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మిద్దె మీద నల్లటి టాంకీలో నీళ్ళు పొయ్యి మీద పెట్టినట్టే కాగుతాయి. మధ్యాహ్నం కుళాయి తిప్పితే ఆ నీళ్ళే వస్తాయి. పొయ్యి మీద కాచిన నీళ్ళయితే ఎవరైనా జాగ్రత్త పడతారు. కుళాయి నీళ్ళకు ఎవరు జాగ్రత్త పడతారు? నేను వెళ్ళేసరికి ఆయా బకెట్ మంచం పక్కన పెట్టి తువ్వాలు ముంచి సిస్టరమ్మ వీపు తుడుస్తోంది. భుజం మీద చర్మం కందిపోయి ఉంది.

"నీళ్ళు వేడి" అన్నాను హిందీలో.

"గున్‌గునా హై దాయి" అంది, అంటే నులివెచ్చగానే ఉన్నాయని. "చెయ్యి పెట్టి చూశాను. నువ్వూ చూడు. పైగా ముఖం చూడు, కొంచెమైనా ముడిచిందా?"

నేను చెయ్యి పెట్టాను. నులివెచ్చగానే ఉన్నాయి. ఆయా చేతులు చూశాను. ఇటుకలు మోసిన చేతులవి, నా చేతులకు చెల్లెళ్ళు. బకెట్ ముందు కూర్చున్న ఇద్దరమూ బండరాళ్ళమే. అప్పుడు రవిక చెయ్యి పైకి లాక్కుని మోచేతిని ముంచాను. తర్వాత ఆయా మోచేతిని పట్టుకుని ముంచాను. ఆమె "హే దాయి" అని నోరు మూసుకుంది. పాపం ఏడ్చింది కూడా. ఆమెను నేనేమీ అనలేదు.

సాయంత్రం కొడుకు రాగానే గోడ దగ్గరికి పిలిచి దులిపేశాను. వాడు చెప్పులు కూడా విప్పలేదు.

"పెద్దమ్మా, ఆయింట్‌మెంట్ రాస్తాను. కానీ అమ్మకి కుచ్ పతా నహీ చల్తా, ఏమీ తెలీడం లేదు. తెలిస్తే ఏడుస్తుంది కదా."

"తెలిస్తే నీకు కనబడేలాగ ఏడవాలనేటి రూలు?"

"డాక్టర్ కూడా అన్నాడు కదా."

"డాక్టరు అందనేదన్నాడు. నేదన్నేదు."

వాడు గోడ మీద రెండు చేతులూ ఆన్చి, తల వంచి, చాలా మెల్లగా అడిగాడు. "మరి నీకు తెలుసా పెద్దమ్మా? అమ్మకి తెలుస్తోందని నీకు పక్కాగా తెలుసా?"

 ఇరవై ఏళ్ళుగా కంటికీ చేతికీ తెలిసిందే ఉన్నట్టు అని వాదించిన నోరు ఇది. నా కన్ను ఆమె ముఖంలో ఏమీ చూడలేదు. నా చెయ్యి నీళ్ళు బాగున్నాయనే చెప్పింది.

"తెల్దు" అన్నాను. "అందుకే సల్లార్చు."

వాడు తలెత్తి చూశాడు. ఆ మాట ఎవరిదో వాడికి తెలుసు, చిన్నప్పుడు వాడి పాలగ్లాసు దగ్గర కూడా విన్నాడు. మర్నాటి నుంచి తెల్లారే నీళ్ళు పట్టి, బకెట్‌ను గది మూల నీడలో పెట్టి, పైన పళ్ళెం మూసి డ్యూటీకి వెళ్ళేవాడు. వెళ్ళేముందు ఇస్త్రీ చొక్కా చెయ్యి మడిచి మోచెయ్యి ముంచి చూడటం నేను కిటికీలోంచి చూశాను.

నేను రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. వీధి కబుర్లు చెప్పేదాన్ని, తిట్టేదాన్ని. ఒకరోజు, "ఏటి సిస్టరమ్మా, నన్నొగ్గీసి ఎల్లిపోతావా?" అని అడిగాను. ఆమె అరచెయ్యి నా చేతిని నొక్కింది. మళ్ళీ అడిగాను, మళ్ళీ నొక్కింది.  ఆయాను కేకెయ్యబోయి కిందికి చూశాను. నా బొటనవేలు ఆమె అరచేతిలో గట్టిగా ఆని ఉంది.

వేలు తీసి మూడు వేళ్ళు పెట్టాను. నొక్కడం లేదు. ఆమె ఆపిందో, అసలు మొదటి నుంచీ నాదేనో. నాకు కావలసింది అదే కనుక నా వేలు నాకు అదే చెప్పి ఉంటుంది. ఆమెకు మాట ఉంటే మొదట నవ్వేది ఆమే. "నీది నువ్వే విన్నావక్కా" అనేది. ఆ ఒక్క మాట ఆమె నోట వినడానికి నేను ఏమైనా ఇచ్చేదాన్ని.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నా తగువు ఇంతే. ఆమెకు అంతా తెలిసిందని నేను అనడం లేదు. అనడానికి నాకు హక్కు లేదు, నాకు అలా నేర్పలేదు ఆమె. తెలియలేదని మీరు కూడా అనొద్దు. మన కొలతకు అందలేదు అనండి, అక్కడ ఆగండి. ఆగడం కష్టమే. ఆమెకు ఏమీ తెలియలేదంటే మనకు నిద్ర పడుతుంది. మనకే తెలియదు అనుకుంటేనే బకెట్ నీడలో పెడతాం, సమాధి మాటలు బయటికి వెళ్ళి మాట్లాడుకుంటాం.

ఆమె పోయిన పొద్దున చర్చి నుంచి ఆడవాళ్ళు వచ్చారు, ఆమెకు స్నానం చేయించి తెల్లచీర కట్టడానికి. కుళాయి కింద బకెట్ పెట్టారు. అవే చలికాలపు నీళ్ళు, వేళ్ళు కొంకర్లు పోతాయి.

"కాచండి" అన్నాను.

"మామ్మా, ఇప్పుడామెకి చలేంటి? ఆత్మ ప్రభువు దగ్గరుంది. ఇది మట్టి" అంది ఒకామె, మెత్తగానే.

"నిజమే అవ్వొచ్చు. నువ్వు సూసినావా?"

"అదికాదు మామ్మా."

"నానూ సూడనేదు. అందుకే కాచండి."

ఎవరూ కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ కొడుకు లోపలికి వెళ్ళి గ్యాస్ వెలిగించాడు. కాగిన నీళ్ళు తెచ్చి బకెట్లో పోసి, చన్నీళ్ళు కలిపి, ఎవరివైపూ చూడకుండా మోచెయ్యి ముంచాడు. ఇంకొంచెం కలిపి, మళ్ళీ ముంచి, బయటికి వెళ్ళిపోయాడు. మొదటి చెంబు నేను పోశాను. ఆ చలిలో ఆమె భుజాల మీద నుంచి సన్నగా ఆవిరి లేచింది.  ఆవిరి నీళ్ళదే, నాకు తెలుసు. అయినా అది ఆగేదాకా ఎవరమూ రెండో చెంబు ముంచలేదు.

ఇప్పుడు కొడుకు టాటీబంధ్ దగ్గరే గది తీసుకున్నాడు. ఇల్లు తాళం వేసి ఉంది. నా ఇంట్లో నన్ను కాదనేవాళ్ళు లేరు. ఏది చెప్పినా అవును మామ్మా అంటారు. కోడలు నా మాటే నిజమంటుంది, మనవరాలు కూడా. అందరి చేత అవుననిపించుకోవడం ఎంత చప్పగా ఉంటుందో నాకు ఇన్నేళ్ళూ తెలియలేదు. సాయంత్రం టీ తెచ్చుకుని కూర్చుంటే, గోడకు అవతల మెట్టు మీద దుమ్ము పేరుకుంటోంది. వారానికోసారి వెళ్ళి ఊడ్చి వస్తున్నాను.

నిన్న ఊడ్చాక తలుపు తాళం సరిగా పడిందో లేదో అని పట్టుకుని చూశాను. చేతిలో ఇనుము చల్లగా ఉంది. బొటనవేలు దాని మీద ఆనింది. కొట్టుకుంటోంది. అది నాదేనని నాకు తెలుసు. అయినా చాలాసేపు వేలు తియ్యలేదు.